ఎడమ మలుపులు

1999 మే 10, సోమవారం, సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు నంద్యాలలోని మా టైపు ఇన్‌స్టిట్యూట్ గోడ అవతలి నుంచి మొదటిసారి ఆ కూత వినబడింది. గోడ అంటున్నాను గానీ అది ప్లైవుడ్ చెక్క. మా మామగారు కట్టించిన హాలును ఆయన పోయాక రెండుగా పంచారు. సగం నా భర్తకు, సగం మరిదికి. నా భర్త కూడా పోయాక నా సగంలో టైపు మిషన్లూ నేనూ మిగిలాం. మరిది తన సగంలో ఎరువుల బస్తాలు వేసుకునేవాడు. బస్తాలు నోరెత్తవు కాబట్టి పదకొండేళ్లు గొడవ లేకుండా గడిచింది. ఆ వేసవిలో బస్తాలు తీసేసి, నాలుగు టీవీలు పెట్టి, వీడియో గేముల షాపు తెరిచి, గల్లా దగ్గర తన భార్యను కూర్చోబెట్టాడు.

ఆమె నాకు తోడికోడలు. నాకంటే పదమూడేళ్లు చిన్నది. ఆమె కాపురానికి వచ్చిన రోజు నుంచీ మా ఇద్దరికీ పడదు. కారణాలు తేదీలతో సహా రాయగలను గానీ ఇక్కడ వాటి పని లేదు.

టైపు నేర్చుకోవాలంటే వేళ్ల కంటే ముందు చెవి కావాలి. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం ఒకే తీరుగా ఉండాలి, అది ఉందో లేదో చెవికే తెలుస్తుంది. తొమ్మిది మిషన్లు ఒకేసారి మోగుతున్నా, ఎవరి చెయ్యి తొందరపడుతోందో నేను వాళ్ల వైపు వీపు పెట్టి చెప్పగలిగేదాన్ని. పక్క నుంచి ఇంజన్ల కూత మొదలయ్యేసరికి పిల్లల వేళ్లు దాని వెంట పడ్డాయి. కూత హెచ్చితే ఉరికేవి. బండి గోడకు కొట్టుకున్న చప్పుడు వస్తే ఆగిపోయేవి. టైపులో మొదటి మెట్టయిన లోయర్ పరీక్ష జులై ఆఖరి వారంలో. ఆ సంవత్సరం తొమ్మిది మంది రాయాలి. అందులో తాళాలు బాగుచేసే సాయిబు కూతురు ఉంది. లోయర్ పాసై వస్తే పనిలో పెట్టుకుంటానని కోర్టు దగ్గర ఒక వకీలు ఆ పిల్లకు మాట ఇచ్చాడు. వేరే వాళ్లు అడుగుతున్నా ఆ టైపిస్టు కుర్చీ ఆమె కోసం ఆపి ఉంచాడు. ఆ పిల్ల బ్యాచ్ సాయంత్రం ఐదు నుంచి ఏడు. షాపులో జనం ఎక్కువయ్యే వేళ కూడా అదే.

వారం రోజులు ఓర్చుకుని అవతలికి వెళ్లాను.

"ఐదు నుంచి ఏడు దాకా సౌండు ఆపు. పరీక్షలున్నాయి," అన్నాను.

"సౌండు ఆపితే పిల్లోల్లు యాడొస్తారక్కా? మూగబండ్లు తోలుకోనీకి వస్తారా?" అంది. నాలుగు టీవీల ముందు కూర్చున్న కుర్రాళ్లంతా నవ్వారు.

"ఇదేమన్నా విద్యా? పనిలేని వాళ్ల వేళ్ల తీట."

"వేళ్ల తీటే. నీకుండేవీ వేళ్లే కదా, ముప్పై ఏండ్లనుంచి కొడ్తాండావు. కూసో, ఒక్కసారి తోలి చూడు. ఆడ మొదటి వరసలో మూడు అక్షరాలు కనపడ్తాండాయే, అవి నా పేరువి. ఈ షాపులో నన్ను దాటినోడు లేడు. నువ్వు దాటు, ఆ పొద్దునుంచి పరీక్షలయ్యే దాకా ఐదింటికి టీవీల సౌండు బంద్. అందరి ముందర చెప్తాండా."

అందరి ముందర చెప్పింది కాబట్టి కూర్చున్నాను. ఆ ఆట నాకు అప్పుడూ ఇష్టం లేదు, ఇప్పటికీ లేదు. రాబోయే ఏదో కాలంలో జరిగే రేసట అది. బండ్లకు చక్రాలుండవు. నేలకు మూరెడు ఎత్తున తేలుతూ కళ్లు చెదిరే వేగంతో పోతాయి. నేలను తాకవు కాబట్టి పట్టు ఉండదు. తిప్పిన తర్వాత కూడా బండి కాసేపు పాత దారినే జారుతుంది. అందుకని చేత్తో పట్టుకునే రిమోట్ పై అంచున ఎడమకొకటి, కుడికొకటి రెండు బ్రేకులిచ్చారు. బండి కుడికి తిరగాలంటే ఎడమ బొటనవేలితో కుడి బాణం నొక్కి, కుడి చూపుడువేలితో కుడి బ్రేకు పట్టాలి. ఎడమకు తిరగాలంటే బాణమూ ఎడమ చేతిదే, బ్రేకూ ఎడమ చేతిదే. కుడి బొటనవేలు వేగం పెంచే బటన్ మీది నుంచి కదలకూడదు. గోడకు తగిలిన ప్రతిసారీ బండి బలం తగ్గుతుంది. అది అయిపోతే బండి పేలిపోతుంది.

నా బండి మొదటి చుట్టులోనే పేలింది. రెండోసారీ, మూడోసారీ పేలింది. నేను లేచి వచ్చాను. మరునాడు గంటకు వాళ్లడిగినంత ఇచ్చి, అందరిలాగే వరసలో నిలబడి మళ్లీ కూర్చున్నాను. ఊరికే ఆడమంది గానీ ఆమె దగ్గర ఊరికే వచ్చేది ఏదీ నాకు వద్దు.

నాలుగో రోజు ఆమె గల్లా వదిలి నా వెనక నిలబడింది. కాసేపు చూసి, షాపంతా వినేలా అంది:

"కుడికయితే అమ్మోరి రథం పోయినట్ల పోతాది మా అక్క. ఎడమకొస్తే చాలు, గోడకి ముద్దులే. ఏందక్కా, ఎడమ పక్క గోడలో మా బావ ఏమన్నా దాచిపెట్టినాడా?"

ఆ మాటకు ఒళ్లు మండింది. కానీ ఆమె చూసింది నిజం. ఆ రాత్రి కూర్చుని నా చేతుల్ని నేనే పరీక్షించుకున్నాను. ఇంగ్లిషు టైపులో మొదటి నియమం, పెద్దక్షరం కొట్టాలంటే ఒక చెయ్యి అక్షరం మీద పడినప్పుడు రెండో చెయ్యి తన వైపున్న షిఫ్టు మీట నొక్కాలి. ఎడమ చేతి అక్షరానికి కుడి షిఫ్టు. 1967 నుంచి నా చేతులు చేస్తున్న పని ఇదే. ఎంతోమంది పిల్లల చేత స్కేలు దెబ్బలతో చేయించిన పనీ ఇదే. ఆటలో దారి తిప్పేది ఎప్పుడూ ఎడమ బొటనవేలే. అది కదిలిన మరుక్షణం కుడి చెయ్యి తోడు పోయి కుడి బ్రేకు పట్టేస్తోంది. కుడి మలుపులో అది సరైన బ్రేకు. ఎడమ మలుపులో అదే నన్ను గోడలోకి నెట్టేది.

ఆమె కళ్ల ముందు సాధన చేయదలచుకోలేదు. ఆళ్లగడ్డలో బస్టాండు వెనక, రాతి విగ్రహాలు చెక్కే షెడ్ల పక్కన, సైకిల్ షాపు అతను ఒక టీవీ పెట్టాడని తెలిసింది. మే 23 నుంచి జూన్ 27 దాకా ఆరు ఆదివారాలు పొద్దున ఏడు గంటల బస్సుకు అక్కడికి వెళ్లాను. ఆదివారం మా ఇన్‌స్టిట్యూట్‌లో స్పీడు పరీక్ష పెట్టే రోజు. పిల్లలకు కాగితాలిచ్చి, గడియారం పెట్టుకుని మీరే కొట్టుకోండని చెప్పి పోయేదాన్ని.

మొదటి రోజు సైకిల్ షాపు అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"మనవడు యాడమ్మా?"

"మనవడు లేడు. నేనే."

"నువ్వా? ఇది గుడి బస్సు కాదమ్మా, ఇస్పీడు బండి."

"దుడ్లు తీసుకుంటావా, మాటలు చెప్తావా?" అన్నాను. ఆ తర్వాత ఆరు వారాల్లో అతను నాతో పెద్దగా మాట్లాడలేదు. అది నాకు నచ్చింది.

కొత్త పిల్లలకు నేర్పినట్టే నాకు నేను నేర్పుకున్నాను. చేతుల మీద తువ్వాలు కప్పుకున్నాను, చూడకుండా ఉండటానికి. రేసు గెలవడం పక్కనబెట్టి, ఎడమ మలుపు రాగానే ఎడమ బాణం, ఎడమ బ్రేకు, అదొక్కటే. పక్క షెడ్లో ఉలి దెబ్బలు పడుతుంటే వాటి లెక్కకు వేళ్లు వేసేదాన్ని. మూడో ఆదివారానికి కుడి చెయ్యి లేవడం మానింది. నాలుగో ఆదివారం ఒక్క గోడా తాకకుండా మూడు చుట్లు పూర్తి చేశాను. నేల మీద బాణాల్లాగా గీసిన మెరుపు గుర్తుల పైనుంచి పోతే బండికి ఉరవడి వస్తుంది. వాటిని ఒక్కటీ వదలకుండా అందుకోవడం ఐదో వారంలో పట్టుబడింది. మలుపు కనబడ్డాక తిప్పితే ఆలస్యమనీ, కనబడకముందే చెయ్యి పోవాలనీ చివరి వారంలో తెలిసింది. కాగితంలో ముందు మాట చదువుతూ వెనక మాట కొట్టడం లాంటిదే అది.

జులై 3, శనివారం సాయంత్రం ఆమె షాపులో కూర్చున్నాను. రెండోసారికే ఆమె పేరు కిందికి దిగింది. కుర్రాళ్లు అరిచారు. ఒకడు "టైపు మేడం దుమ్ము లేపినావ్!" అని ఈల వేశాడు. ఆమె ముఖం మాడిపోయింది. ఆ ముఖం నేను తృప్తిగా చూశాను.

సోమవారం ఐదింటికి సౌండు ఆగింది. మాట తప్పే మనిషి కాదు, ఆ మాత్రం ఒప్పుకుంటాను. ఐదూ పదికి చెక్క అవతల కుర్రాళ్లు నోళ్లతో ఇంజన్లు మొదలుపెట్టారు. ఒకడు కూత, ఒకడు బ్రేకు, ఒకడు పేలుడు. టీవీ శబ్దంలో హెచ్చుతగ్గులైనా ఒక పద్ధతిలో ఉండేవి. ఈ నోళ్లకు అదీ లేదు. నేను అవతలికి పోతే ఆమె లేవకుండానే అంది:

"టీవీలవి ఆపుతానంటి, ఆపినా. పిల్లోల్ల నోర్లకి స్విచ్ యాడుందో చూపించక్కా, అదీ ఆపేస్తా."

"నువ్వు నేర్పించకుండానే చేస్తాండారా?"

"నేర్పేది నీ పని కదా. నాకేం తెల్సు?"

జులై 12, సోమవారం, పిల్లల లయ చెడిపోయిందని, సరిగా ఎలా ఉండాలో చూపిద్దామని నేనే మిషన్ ముందు కూర్చున్నాను. ఏటా పరీక్ష ముందు ఒక పేజీ కొట్టి చూపించడం అలవాటు. తొమ్మిది మందీ చుట్టూ నిలబడ్డారు. మూడో వరుసలో వాక్యం ఇంగ్లిషు పెద్ద 'ఎ'తో మొదలయ్యే చోట కుడి చిటికెనవేలు షిఫ్టు మీదికి పోలేదు. ఆ అక్షరం కొట్టాల్సిన ఎడమ చిటికెనవేలే తన పక్కనున్న షిఫ్టుకు పోయి, వెనక్కు వచ్చింది. పెద్దక్షరం వరుస మీదికి లేచి, సగం తెగి పడింది. కింది వరుసల్లో ఇంకో రెండు అలాగే వచ్చాయి. ఎడమ చేతి పెద్దక్షరాలే అన్నీ.

తాళాల సాయిబు కూతురు కాగితం మీదికి వంగి చూసింది. "మేడం, మేమిట్ల కొడ్తే స్కేలుతో కొడ్తారు గదా," అంది.

నేను కాగితం లాగి చింపాను. రాత్రి తలుపులు వేసుకుని మళ్లీ కొట్టాను. తప్పులు తగ్గాయి గానీ ప్రతి ఎడమ పెద్దక్షరం ముందూ చెయ్యి ఒక క్షణం ఆగి ఎటు పోవాలని అడుగుతోంది. టైపులో ఆ క్షణం ఉండకూడదు.

పరీక్షలో ఆ పిల్ల స్పీడు పేపరు పూర్తి చేయలేకపోయింది. ఆరు ఆదివారాలు ఎవరూ పక్కన నిలబడి గడియారం చూడలేదు, మిగిలిన సాయంత్రాలు నోళ్ల కూతలో గడిచాయి. సెప్టెంబరులో ఫలితాలు వచ్చాక ఫీజు రసీదు తీసుకుపోవడానికి వచ్చింది.

"జనవరిలో మళ్లీ రాయి, నేను దగ్గరుండి చూస్తాను," అన్నాను.

"ఆ కుర్చీలో వేరేవాళ్లు కూసున్నారు మేడం. మీరు రేసు గెల్చినారు గదా, చాల్లే," అని గుమ్మం దిగింది. చెక్క అవతలి నుంచి ఆ మాట విని నా తోడికోడలు పకపకా నవ్వింది. ఆ నవ్వును నేను క్షమించలేదు.

పోయినవి ఇవి. ఆరు ఆదివారాల స్పీడు పరీక్షలు. తొమ్మిది మందిలో ఐదుగురి లోయర్. ఒక పిల్లకు వకీలు దగ్గర కుర్చీ. నిమిషానికి నేను కొట్టే అరవై ఐదు మాటల్లో పదిహేడు. 2001 మార్చి నెలాఖరుకు ఇన్‌స్టిట్యూట్. ఆమెకు పోయింది టీవీ మీద మొదటి వరుస ఒక్కటే, అదీ మళ్లీ నన్ను దాటేదాకా, ఇరవై రెండు రోజులు.