బంపర్ మీద నాలుగు బొట్లు

2007లో హోసూరు బాగలూరు రోడ్డులో నాకు చిన్న ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. కార్లకు రివర్స్ పార్కింగ్ సెన్సర్లు పెట్టించుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. వెనక బంపర్‌కు రంధ్రాలు వేసి, రూపాయి బిళ్లంత గుండ్రటి సెన్సర్లు నాలుగు బిగిస్తాం. రివర్స్ గేరు వేయగానే అవి మన చెవికి అందని శబ్దాన్ని పంపుతాయి. అది దేనికైనా తగిలి తిరిగొస్తే లోపల బజర్ కూస్తుంది.

జవళగిరి వైపు గులాబీ తోటలున్న నారాయణప్ప గారి కారుకు వాటిని నేనే బిగించాను. రెండు నెలలకే ఆయన పగిలిన బంపర్‌తో, గంటు పెట్టుకున్న ముఖంతో వచ్చారు.

“బజరు కూస్తానే ఉండె, అయినా పోయి గేటు స్తంభానికి గుద్దినాడు. నీ సామాను చెడిందా, మా మునిరత్నం కండ్లు చెడినాయా, తేల్చి చెప్పప్పా. కండ్లే అయితే రేపట్నించి వేరే డ్రైవర్ని చూసుకుంటా.”

మునిరత్నం పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. ఈ వయసులో తీసేస్తే ఎవరు పెట్టుకుంటారని జాలేసింది.

రివర్స్ వేయించి చూశాను. వెనక అంతా ఖాళీ, అయినా బజర్ ఒకటే గోల. వైర్లన్నీ మల్టీమీటర్‌తో చూశాను, సెన్సర్లను నడిపే కంట్రోల్ బాక్స్ విప్పి చూశాను. ఏ లోపమూ లేదు. గంటన్నర తల బద్దలుకొట్టుకుని, విసుగొచ్చి కారు వెనక నేల మీద చతికిలబడ్డాను. అప్పుడు కనిపించింది. నాలుగు సెన్సర్ల మీదా పచ్చగా గట్టిపడిన పొర. గోటితో గీకితే గంధం వాసన వచ్చింది. పంపిన శబ్దం ఆ పొరకే తగిలి తిరిగొస్తోందన్నమాట.

“ఇదేంది మునిరత్నమన్నా?”

“శుక్రవారం బండి కడిగి బొట్టు పెడతానప్పా. ఎనక నువ్వే గుండ్రంగా నాలుగు పెట్టిచ్చినావు కదా, బొట్టుకేమో అనుకున్నా.”

“ఊరికే కూస్తా ఉంటే సారుకు చెప్పలేదా?”

“కొత్త సామాను, నేనే చెడగొట్టినానేమో అని భయపడినా. దినామూ కూసేదాన్ని పోను పోను పట్టించుకోలేదు.”

నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది. బిగించిన రోజు అది ఎలా పనిచేస్తుందో అరగంట సేపు వివరించాను, వెనక సీట్లో కూర్చునే నారాయణప్ప గారికి. నడిపే మనిషి బయట టీ తాగుతున్నాడు. పిలవాలని నాకు తోచనే లేదు.

“తప్పు ఈయన కండ్లది కాదు సార్, నాది. నడిపేటోనికి చెప్పకుండా మీకు చెప్పినాను.”

నారాయణప్ప గారు వంగి, రాలిన గంధాన్ని వేలితో తీసి వాసన చూశారు. “బంపరు మార్చు. వానికీ చెప్పు. నేనూ ఇంకోసారి ఇంటా” అన్నారు.

తడిగుడ్డతో తుడిచాక బజర్ నోరు మూసుకుంది. మునిరత్నాన్ని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, వెనక నేనే దగ్గరికొస్తూ దూరం పోతూ ఏ కూతకు ఏమర్థమో చూపించాను. వెళ్లబోతూ ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

“నంబరు ప్లేటు మీద పెట్టొచ్చునా అప్పా? ఎనక సుమ్మనే బోసిగా వదిలేస్తే మనసొప్పదు.”

“పెట్టన్నా, ఆడ నీ ఇష్టం.”

అప్పటి నుంచి ఏ కారు వచ్చినా, ఎవరిదని కాదు, నడిపేది ఎవరని అడుగుతాను. ఆ మనిషి వచ్చి పక్కన నిలబడేదాకా స్క్రూడ్రైవర్ పట్టను.