కిడ్నీ ఇచ్చే మనిషికి పెట్టే తిండి

మా వైపు ఒక మనిషి ఇంకో మనిషికి ఏదైనా ఇవ్వబోతున్నాడంటే, ముందు ఆ ఇచ్చే మనిషికి కడుపునిండా పెడతారు. నేను మా తమ్ముడికి కిడ్నీ ఇస్తున్నానన్న సంగతి మా పుట్టింటి ఊరు మునగాలలో పొద్దున తెలిస్తే, కోదాడలో మా ఇంటికి సాయంత్రానికల్లా డబ్బా నిండా మేక కాళ్ల పాయా వచ్చింది.

చిక్కంతా అక్కడే. హైదరాబాద్ డాక్టరు పరీక్షలన్నీ చేసి, "రక్తం కలిసింది, అన్నీ కలిశాయి. మీ బరువొక్కటే ఒప్పుకోవట్లేదు. పది కిలోలు తగ్గి రండి" అన్నాడు. తమ్ముడు అప్పటికే డయాలసిస్ కోసం సూర్యాపేట దవాఖానకు తిరిగి తిరిగి సగమయ్యాడు. ఎక్కువ కాలం ఇలా లాగడం మంచిది కాదమ్మా అని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. మా తమ్ముడి ప్రాణానికి నా నడుమే అడ్డం వచ్చింది. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ భయమేసింది.

ఆ ఆసుపత్రిలోనే తిండి సంగతి చెప్పే అమ్మాయి, మధ్యాహ్నం అన్నం ఇంతే తినాలంటూ ఒక కప్పు చూపించింది. మా ఇంట్లో ఆ సైజు కప్పులో పచ్చడి వేసుకుంటాం. అయినా తలూపాను.

ఇంటికొచ్చాక పాటించడం తలూపినంత తేలిక కాలేదు. పక్కింటావిడది కృష్ణా జిల్లా. "అవయవం ఇచ్చే మనిషండీ మీరు. ఒంట్లో బలం ఉండాలిగా" అంటూ రోజూ సున్నుండలు తెచ్చేది. మిర్యాలగూడ నుంచి మా చిన్నమ్మ రొట్టెలూ బెల్లం నలిపి కట్టిన మలీద ముద్దలు, ఒక బస్తా పాత బియ్యం దింపింది. ఆమె ఇల్లు రైసు మిల్లుల నడుమ ఉంటుంది. అన్నం తగ్గించాలన్న మాట ఆమెకు బూతులాగా వినబడింది.

"బువ్వ తినకుంటే బలమెట్లొస్తది బిడ్డా? గా డాక్టర్ ఏం తింటడో అడిగినవా?" అంది.

అడగలేదు. అడగాల్సింది.

నేను మాత్రం నా తెలివిని నమ్ముకున్నాను. తిన్నంత నడిస్తే సరిపోతుంది కదా అని తిండిని దూరంతో కొలవడం మొదలుపెట్టాను. ఒక మలీద ముద్దకు బస్టాండు దాకా వెళ్లి రావడం. సున్నుండకు బైపాసు దాకా. ఈ లెక్కన ఒక పెళ్లి భోజనానికి విజయవాడ దాకా నడవాలి. తమాషా ఏమిటంటే నేను ముందు నడిచి తర్వాత తినేదాన్ని కాదు. ముందు తినేసి, నడక రేపటికి పెట్టుకునేదాన్ని.

నడవనిచ్చారా అంటే అదీ లేదు. తెలిసిన మనిషి రోడ్డున నడుస్తుంటే బండి ఆపకుండా పోవడం మా దగ్గర పెద్ద తప్పు. ఇంటి సందు దాటకముందే ఎవరో ఒకరు బ్రేకు కొట్టేవారు. "ఎక్కక్కా, నడుచుడేంది? బావ బండి ఇయ్యలేదా?" వ్యాయామం అంటే నవ్వేవారు. వద్దంటే కోపం చేసుకుంటారని ఎక్కేదాన్ని. అలా నా వ్యాయామం చాలా భాగం స్కూటీల మీదే సాగింది. మూడో రోజుకల్లా మా ఆయనా నేనూ మాట్లాడుకోవడం లేదని కోదాడంతా తెలిసిపోయింది. ఆయన పాపం కూరగాయలకు వెళ్లి, ఎవరూ అడక్కుండానే "బానే ఉన్నాం" అని చెప్పుకుని వచ్చేవాడు.

అందరికంటే గట్టి కాపలా తమ్ముడిది. వాడికి అరటిపండు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు, ఉప్పు వద్దు. తను తినలేనివాడు నన్ను తిననివ్వడు. డయాలసిస్ మంచం మీద నుంచే ఫోను.

"ఏం తిన్నవ్?"

"రెండు ఇడ్లీలు."

"అబద్ధం. నమిలే సప్పుడు ఇంటున్న. అక్కా, నా సామాను నీ దగ్గర పెట్టిన, జర మంచిగ సూస్కో. గట్ల తింటే నా కిడ్నీకి కొవ్వు వడ్తది."

"నాది రా అది, ఇంకా ఇయ్యలే."

"ఇస్తవ్ గదా. నాదే."

ఎలాగో ఏడు కిలోలు తగ్గాను. ఇంకో మూడు తగ్గితే గండం గడుస్తుందనగా మరదలు ఒడిబియ్యం పోస్తానంది. మా తెలంగాణలో ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒళ్లో పోస్తారు. ఆ బియ్యం ఇంటికి తెచ్చుకుని వండి నలుగురికీ పెట్టాలి, తనూ తినాలి. పారేయకూడదు. అసలు దానికి ముందే పుట్టింట్లో విందు ఉంటుంది.

వద్దని చెప్పడానికే వెళ్లాను. మరదలు నా చేయి పట్టుకుంది. "కోతకు పోయే ఆడిబిడ్డను వట్టి ఒడితోని ఎట్ల పంపుదు వదినా? ఇద్దర్ల ఎవరికేమైనా నేను తట్టుకోలేను" అంది. వద్దని చెప్పడం మానేసి పీట మీద కూర్చున్నాను. ఒళ్లో బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు పోశారు. విస్తట్లో పప్పూ బెల్లం పూర్ణం పెట్టిన పోలెలు, నెయ్యి, నాటుకోడి, మళ్లీ నెయ్యి. కోదాడ వచ్చాక ఒడిబియ్యం అన్నం ఒక పూటతో అయిపోలేదు. పచ్చపచ్చటి అన్నం, ఎంత తిన్నా గిన్నెలో అలాగే ఉంది. మా ఆయన చేతులెత్తేశాడు. నేను ఎత్తలేదు.

ఆసుపత్రిలో తూకం ఎక్కితే, తగ్గిన ఏడులో మూడు కిలోలు తిరిగి ఇంటికొచ్చేశాయి. డాక్టరు తిట్టలేదు, ఇంకో తారీకు రాశాడు. తిరుగు దారిలో కారులో తమ్ముడు నన్ను ఒక్క మాట కూడా ఆటపట్టించలేదు. సూర్యాపేట దాటాక కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు, "పోనీ తియ్యక్కా. నా వల్లనే నీకు తిండి కరువైంది."

నాకు ఏడుపు రావాలి. కోపం వచ్చింది. మునగాలలో కారు దిగి, వాకిట్లో ఎదురుచూస్తున్న మరదలినీ, మా కబురు కోసం మిర్యాలగూడ నుంచి వచ్చి ఉన్న చిన్నమ్మనూ కలిపి కడిగేశాను. "మీరు నాకు పెట్టుడు కాదు, ఆణ్ని సంపుతున్నరు. నేను తిని సంపుతున్న. ఇయ్యాల్టి సంది పెట్టుడు బంద్. నా మీద ప్రేమ, పావురం ఉంటే నాతోటి నడువుండ్రి!"

ఆ కోపంతో అక్కడే, తమ్ముడింట్లో మకాం పెట్టాను. మర్నాడు తెల్లారి వాకిట్లో మరదలు, చిన్నమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు, అందరూ చీర చెంగులు బిగించి నిలబడ్డారు. పక్కింటావిడ కోదాడ నుంచి ఆటోలో వచ్చింది, నడవడానికి. హైవే పక్కన మా గుంపు నడుస్తుంటే ఎవరూ బండి ఆపలేదు. అంతమందిని ఎక్కించుకునే బండి ఎవరికుంది? ధాబా ముందు టీ తాగుతున్న ఒకాయన లేచి నిలబడి దండం పెట్టాడు.

"ఏ పార్టీ అమ్మా? గుర్తు ఏంది?"

వెనకాల స్కూటీ మీద మెల్లగా వస్తున్న మా తమ్ముడు, ఆసుపత్రి గోడ మీది కిడ్నీ బొమ్మ గుర్తొచ్చిందేమో, చెప్పాడు, "చిక్కుడుగింజ గుర్తే! మా అక్కను గెలిపియ్యుండ్రి!"

గెలిపించారు. తర్వాతి తూకానికి పది కిలోలూ పోయాయి. పక్కింటావిడ కూడా తగ్గింది. అందుకు నన్ను ఇప్పటికీ తిడుతుంది, జాకెట్లన్నీ వదులయ్యాయట.

ఆపరేషన్ బాగా జరిగింది. ఏడాది గడిచింది. ఇప్పుడు తమ్ముడికి ఆకలి తిరిగొచ్చింది, మందులకు అది రెట్టింపైంది. మొన్న చూపించుకోవడానికి వెళితే, బాగా లావవుతున్నావు, తగ్గమని వాడికి చెప్పారట. మునగాల వెళ్లి చూద్దును కదా, అంగీ గుండీలు పడటం లేదు. రెండోసారి పప్పు వేసుకుంటున్నాడు. అందరి ముందూ బాగా తిట్టాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి, ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టుకుని వచ్చి, వాణ్ని గడప దగ్గర నిలబెట్టి దిగదీశాను.

వాడు పొట్ట నిమురుకుంటూ నవ్వాడు. "గీ పొట్టకు ఎవరి దిష్టి తగుల్తదక్కా?"

"నాదే రా" అన్నాను. "వచ్చిన కాడి నుంచి దాన్నే సూస్తున్న."