గుల్ల సున్నం గోడ

పద్దెనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. వాన పడితే కూర్చోలేను. కంచరపాలెంలో మా ఇల్లు కాంక్రీటుదే, చుక్క కారదు. అయినా లేచి గోడలు తడుముతాను. “ఏటి ఎతుకుతన్నావ్?” అంటుంది మా ఆవిడ. ఏం చెప్పను? ఆమెకు చెప్పలేనిది, ముఖం తెలియని మీకు చెబుతున్నాను.

మా ఊరు విశాఖకి బస్సులో గంట దూరం. అక్కడి చర్చి దొరల కాలంలో కట్టింది. రాతి పునాది, మూర మందం ఇటుక గోడలు, పైన విల్లులా వంగిన కిటికీలు. ఇటుకల మధ్యా, పైపూతా అంతా సముద్రపు గుల్లలు కాల్చి చేసిన సున్నమే. క్రిస్మస్‌కి ముందు ఇంటికో బకెట్టు గుల్ల సున్నం తెచ్చి, ఊరంతా కలిసి ఆ గోడలకి పూసేవాళ్లం. చర్చి తాళాలు, గంట, కప్పు మీద వాననీళ్ల తూములు శుభ్రం చేయడం దానియేలు తాత పని. నాకు చుట్టం కాదు, ఊరందరికీ తాతే.

నేనప్పుడు కొత్తగా సివిల్ డిప్లొమా చేసి, సిటీలో ఒక బిల్డర్ దగ్గర సూపర్‌వైజర్‌గా చేరాను. ఏటేటా ఈ సున్నం గొడవెందుకు, ఒక్కసారి సిమెంటు పూయిస్తే మళ్లీ చూసుకోనక్కర్లేదని సంఘ పెద్దలకి చెప్పాను. గోడ పీల్చిన తడి సున్నంలోంచి బయటికి పోతుంది, సిమెంటు కప్పేస్తే ఎటు పోతుందని తాత ఒక్కడే అడిగాడు. నవ్వేశాను. చదువు లేని మనిషికి ఏం తెలుసు అనుకున్నాను. అవును, అచ్చంగా అలాగే అనుకున్నాను.

నా మాట విని సిమెంటు పూయించారు. మూడో వానాకాలంలో తూర్పు గోడ ఉబ్బింది. ఒక శనివారం కిటికీతో సహా కూలింది. లోపల ఎవరూ లేరు, అదొక్కటే అదృష్టం. మర్నాడు పొద్దున్నే వెళ్లి, ఊడిన సిమెంటు పెళ్ల వెనక చెయ్యి పెట్టాను. సున్నం తడి మట్టిలా జారింది. నాకక్కడే అర్థమైంది.

ఆరాధన అయ్యాక, కారణమేమిటని పాస్టరు అయ్యగారు అందరి ముందూ నన్నే అడిగారు. నోరు జారింది. కాదు, మళ్లీ అబద్ధం. ఆలోచించుకునే చెప్పాను.

“తూము పూడిపోనాది. నీళ్లు గోడలోకి దిగిపోనాయి.”

అందరూ తాత వైపు తిరిగారు. ఎవరూ పైకెక్కి చూడలేదు. ఇంజనీరు చెప్పాడు కదా! గుమ్మం దగ్గర తాత నా చెయ్యి పట్టుకున్నాడు.

“నానెక్కి తీసినట్టే గేపకం బాబూ. మర్సిపోనానేటో, ముసిలోడ్ని.”

“పోన్లే తాతా, వయసైపోనాది కదా,” అన్నాను. భుజం కూడా తట్టాను.

వారం తిరక్కుండా తాళాలు తీసేసుకున్నారు. గంట ఇంకొకరు కొట్టారు. ఆ తర్వాత తాత చర్చి లోపల కూర్చోలేదు, మెట్ల మీదే కూర్చుని పాటలు పాడేవాడు. రెండేళ్లకి పోయాడు. తప్పు తనదేననుకుని పోయాడు. అది తలచుకుంటే నా మీద నాకే అసహ్యం. ఎందుకు నోరు విప్పలేదు? ఉద్యోగం పోతుందనా? ఎవరూ తీసేవాళ్లు కారు. పరువు, అంతే.

ఇప్పుడు మిగిలిన గోడలు కూడా పడగొట్టి కొత్త చర్చి కడతారట. పాత సున్నం ఆగదట. ప్లాను నన్నే గీయమంటున్నారు. కాగితం పరిచి పదిహేను రోజులైంది, ఒక్క గీత పడలేదు. ఈ ఆదివారం వాళ్లకీ చెప్పాలి. చెబుతానో లేదో నాకే తెలియదు. మీకు మాత్రం ఇదిగో, చెప్పేస్తున్నాను.

ఆ పొద్దున, ఆరాధనకి ముందు, నిచ్చెన వేసుకుని నేను కప్పు ఎక్కాను. తూములో చెయ్యి పెట్టి చూశాను. ఒక్క ఆకు కూడా లేదు.