మేనమామ వస్తున్నాడన్నారు

మా ఇంటి ముందు గదిలో ఒక తెలుగు పంతులుగారు కిరాయికి ఉండేవారు. కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చిన మనిషి. నేను చదివే పటాన్‌చెరు హైస్కూల్లోనే పాఠం చెప్పేవారు. మా ఊరు పటాన్‌చెరు దాటి సంగారెడ్డి పోయే రోడ్డుకు కొంచెం లోపలగా ఉండేది. బడి వదిలాక ఆయన సైకిలు గోడకు ఆనించి, అరుగు మీద కూర్చుని, మా అమ్మ మాట్లాడుతుంటే వినేవారు.

మా అమ్మకు చదువు రాదు. కానీ ఏ మాటనూ ఉత్తగా అనేది కాదు. వాన రాకపోతే, "మొగులు అలిగిన అల్లుని తీరు సూస్తున్నది" అనేది. మా నాయిన మాట్లాడడం తక్కువ కనుక ఆయన వంతు కూడా ఆమే మాట్లాడేది. పంతులుగారు నవ్వి, అదే మాట మళ్లీ చెప్పించుకునేవారు. మరునాడు తరగతిలో ఉపమాలంకారం చెప్పేటప్పుడు ఆ అలిగిన అల్లుడు నల్లబల్ల మీదికి వచ్చేవాడు. నాకు గర్వంగా ఉండేది. మా అమ్మ మాట బడిలో పాఠమైందని ఇంటికి పరుగెత్తుకొచ్చి చెప్పేదాన్ని. అమ్మ సిగ్గుపడేది.

ఆయన మంచి పంతులు. అలంకారాల పేర్లు బట్టీ పట్టించి వదిలేసే రకం కాదు. మాట ఎందుకు పనిచేస్తుందో చెప్పేవారు. "జ్వరం వచ్చినవాడికి చేదుమందు తాగించాలనుకోండి" అని మొదలుపెట్టేవారు. దారిన పోయేవాడు చెబితే తాగడు, నమ్మిన వైద్యుడు చెబితే తాగుతాడు. కాబట్టి ఎవరు చెబుతున్నారన్నది ఒకటి. నువ్వు పోతే నీ పిల్లల గతేమిటని అడిగితే కళ్లలో నీళ్లు తిరిగి తాగుతాడు. అది గుండెను తట్టడం. పక్కింటివాడు ఇదే మందు తాగి లేచి తిరుగుతున్నాడని చూపిస్తే బుద్ధి ఒప్పుకుంటుంది. ఈ మూడూ కలిసిన మాటకు ఎదురుండదని ఆయన అనేవారు. ఆ మందు మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలని మాలో ఎవరమూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆంధ్ర నుంచి వచ్చిన ఉద్యోగుల మీద జనం కోపంగా ఉండేవారు. పటాన్‌చెరులో ఒకరిద్దరి సామాను బయట పడేశారన్న మాట వినబడింది. అప్పుడు మా నాయిన పంతులుగారి పెట్టె, పుస్తకాలు లోపలి గదిలోకి మార్పించి, గుమ్మంలో మంచం వేసుకుని కూర్చున్నాడు. ఊళ్లో వాళ్లు వచ్చి అడిగితే, ఈయన మా పిల్లకు చదువు చెప్పే మనిషి అని ఒక్క మాట అన్నాడు. వాళ్లు వెళ్లిపోయారు. ఆ తరువాత ఊరు కూడా ఆయన్ని తన మనిషిగానే చూసింది. బారసాలకు పేరు అడగాలన్నా, దరఖాస్తు రాయించుకోవాలన్నా మా అరుగు దగ్గరికే వచ్చేవారు.

అది సద్దుమణిగిన కొన్నాళ్లకు కంపెనీవాళ్లు వచ్చారు. ఇనుము కరిగించి పోతపోసే ప్రైవేటు ఫ్యాక్టరీ. రోడ్డుకు దగ్గరగా, నీళ్లున్న భూమి కావాలి వాళ్లకు. అందులో మా చెల్క, బావి కూడా ఉన్నాయి. జొన్న, మిరప, అంచుల్లో కందులు పండేవి. కొందరు ఒప్పుకున్నారు. మా నాయిన, ఆయన వెనక ఇంకొన్ని ఇళ్లవాళ్లు ఒప్పుకోలేదు. కంపెనీ మనుషులు జీపులో వచ్చి, ఎంత చెప్పినా నాయిన తల అడ్డంగా ఊపడమే. వాళ్ల మాట మాకు అర్థం కాదు, మా మాట వాళ్లకు అర్థం కాదు. చివరికి వాళ్లకు ఎవరు చెప్పారో, పంతులుగారి దగ్గరికి పోయారు.

మా ఊరి చిన్నబడి ముందు షామియానా వేసి సభ పెట్టారు. ఆడవాళ్లు ఒక పక్కన కూర్చున్నారు, నేను అమ్మ పక్కన. పంతులుగారు రాసుకొచ్చిన కాగితం తీసి చదివారు. ఆయన మామూలుగా మాట్లాడే తెలుగు కాదది, మాది. ముందు బీరంగూడ వైపు చూపించారు. అక్కడ పెద్ద ఫ్యాక్టరీ వచ్చాక క్వార్టర్లు వచ్చాయి, బస్సులు వచ్చాయి, మనవంటి ఇళ్ల పిల్లలే ఖాకీ బట్టలేసుకుని సైకిళ్ల మీద డ్యూటీకి పోతున్నారన్నారు. అందులో అబద్ధం లేదు. మేమంతా చూసిందే. తరువాత, కష్టకాలంలో నన్ను గుమ్మం లోపల దాచుకున్న ఊరు ఇది, ఈ ఊరికి నేను కీడు చెబుతానా అన్నారు. అదీ అబద్ధం కాదు. ఆ మాటకు మా నాయిన తల దించుకున్నాడు. ఆ తరువాత గొంతు తగ్గించి చదివారు.

"భూమి మనకు తల్లి. తల్లి ఒక్కతే ఎంతమందిని సాకుతది? ఫ్యాక్టరీ మీ పిల్లలకు మేనమామ. మేనమామ ఒట్టి చేతులతోటి రాడు, ఒట్టి కడుపుతోటి పండనియ్యడు."

జనం చప్పట్లు కొట్టారు. నా పక్కన అమ్మ చేతులు కదలలేదు. ఆ చివరి మాట ఆమెది. వెలిమెలలో ఉండే మా మేనమామ, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, బండి కట్టుకుని వచ్చిన ప్రతిసారీ ఆమె అనే మాట. కరువులో జొన్నలు ఎక్కించుకొచ్చినప్పుడు అన్నది, మా అక్కకు జ్వరమొస్తే సంగారెడ్డి దవాఖానకు మోసుకుపోయినప్పుడూ అన్నది. పంతులుగారు మా అరుగు మీద కూర్చునే ఆ మాట విన్నారు.

తరువాత నేను బోధన నేర్చుకున్నాక ఆ వాక్యం గురించి చాలా ఆలోచించాను. ఫ్యాక్టరీ మేనమామ వంటిది అని ఉంటే, మా నాయిన ఎంత వంటిదని అడిగేవాడు. ఏ విషయంలో వంటిది, ఏ విషయంలో కాదు అనేవాడు. ఉపమలో 'వంటిది' అనే మాట ఒకటి ఉంటుంది. అక్కడ నిలబడి మనిషి బేరమాడవచ్చు. రూపకంలో ఆ చోటు ఉండదు. ఫ్యాక్టరీ మేనమామే అన్నారు. మేనమామను ఎవరు నిలదీస్తారు? వారం తిరగకముందే నాయిన వేలిముద్ర వేశాడు. ఆయన వేశాడని మిగతావాళ్లూ వేశారు. కంపెనీవాళ్లు పంతులుగారికి శాలువా కప్పారు.

ఇంటికొక పర్మినెంటు నౌకరీ అని సభలో అన్నది, పోతపోసే పని మొదలయ్యాక రోజుకూలీ అయింది. మా అన్నకు ఐటీఐ చదువు లేదన్నారు. అచ్చుల్లో ఇసుక దట్టించే పనిలో పెట్టుకున్నారు. పని ఉన్నరోజు గేటు లోపలికి రానిచ్చేవాళ్లు, లేనిరోజు వాచ్‌మెన్ చెయ్యి అడ్డం పెట్టేవాడు. మా బావి కంపెనీ గోడ లోపలికి పోయింది. మిరపకాయలు అంగట్లో కొనుక్కోవలసి వచ్చిన మొదటిరోజు అమ్మ సంత నుంచి తిరిగొచ్చి కాయలు ఒక్కొక్కటే లెక్కపెట్టి చాటలో పోసింది.

అప్పుడే మా అక్క పెళ్లి కుదిరింది. నాయిన లగ్నపత్రికలకు పసుపు పెట్టి, మొదటిది ఇలవేల్పు ముందు పెట్టాడు. రెండోది అన్నతో వెలిమెల పంపాడు. మూడోది చేతిలో పట్టుకుని, ఉతికిన ధోవతి కట్టుకుని, నన్ను కూడా రమ్మన్నాడు. ఎక్కడికి అంటే చెప్పలేదు. ఫ్యాక్టరీ గేటు ముందు ఆగాడు.

చాలాసేపు నిలబెట్టాక మేనేజరు గదిలోకి పంపించారు. ఆయన ఉత్తరాది మనిషి. మర్యాదగానే కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు. పక్కన తెలుగు వచ్చిన గుమాస్తా నిలబడ్డాడు. నాయిన కూర్చోలేదు. పత్రిక రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు.

"మా పెద్దబిడ్డ లగ్గం. మేనమామ చీర పెట్టాలె. మీరు మేనమామ అన్నరు గదా, పిల్వనీకొచ్చిన."

గుమాస్తా ఎలా చెప్పాలో తెలియక నా వైపు చూశాడు. తరువాత హిందీలో ఏదో చెప్పాడు. మేనేజరుకు మొదట అర్థం కాలేదు. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఏ కాగితంలో ఉంది అని అడిగాడు. సభలో మాట అని గుమాస్తా చెప్పాక ఆయన నవ్వాడు. వెక్కిరింపు కాదు, హాయిగా నవ్వాడు. గుమాస్తా నాయిన వైపు తిరిగి, "అది మాటవరసకు అన్న మాట, పెద్దాయనా" అన్నాడు. పత్రిక బల్ల మీదే ఉంది. చాయ్ కప్పు మీద మీగడ కట్టింది. నాయిన నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు.

నాకు ఏడుపొచ్చింది. మా నాయిన ఇంత అమాయకుడా, అంతమందిలో నవ్వులపాలయ్యాడే అని. రోడ్డు మీద ఆ మాటే అనేశాను. ఆయన ఆగి నన్ను చూశాడు.

"మిషన్లు మేనమామ గావని నాకెర్క లేదా, బిడ్డా? అన్నోళ్లకు యాది ఉన్నదా లేదా సూద్దామని పోయిన."

ఇంటికి రాగానే ధోవతి మార్చుకోను లోపలికి పోయాడు. నేనే అమ్మకు చెప్పాను. అమ్మ చేస్తున్న పని ఆపి, చేతులు తుడుచుకుని, పంతులుగారి గది ముందుకు పోయి నిలబడింది. ఆయన పరీక్ష కాగితాలు దిద్దుతున్నారు. అమ్మ గొంతు పెంచలేదు. ఆ రాత రాసింది మీరేనా సారూ అని అడిగింది. ఆయన లేచి నిలబడ్డారు. ఫ్యాక్టరీలో ఏం జరిగిందో అప్పటికే ఆయనకు తెలిసినట్టుంది.

"అమ్మా, నేను నమ్మే రాశాను. మంచి జరుగుతుందనే అనుకున్నాను" అన్నారు.

"నమ్మినవో లేదో నాకెందుకు సారూ? నా తమ్ముని మాట తీసుకపోయి అండ్ల పెట్టినవ్. ఇగ రేపు నా తమ్ముడు పెండ్లికొస్తడు. ఆ మాట ఇప్పుడు నా నోట్లకెళ్లి ఎట్ల ఒస్తది?"

ఆయన చేతిలోని కలం బల్ల మీద పెట్టారు. పెళ్లికి మేనమామ చీర తెచ్చాడు. అమ్మ తీసుకుని అక్కకు ఇచ్చింది, ఎప్పుడూ అనే ఆ మాట అనలేదు. మామ కాసేపు ఎదురు చూసినట్టు నిలబడి, పందిట్లోకి వెళ్లిపోయాడు. ఆ నెలాఖరుకు పంతులుగారు బీరంగూడలో గది చూసుకున్నారు. తరువాత బదిలీ మీద తమవైపు వెళ్లిపోయారని విన్నాను. అమ్మ చదువుకున్నవాళ్ల ముందు తూచి మాట్లాడడం మొదలుపెట్టింది. కొన్నేళ్లకు నేనూ ఆ చదువుకున్నవాళ్లలో చేరాను.

డెబ్బైల చివర నేను సంగారెడ్డిలో తెలుగు టీచరుగా ఉన్నప్పుడు, అన్న నా దగ్గరికి వచ్చాడు. ఫ్యాక్టరీలో కరిగిన ఇనుము ఒలికి, ఒరిస్సా నుంచి వచ్చిన ఒక కార్మికుడి పాదాలు కాలాయి. కంపెనీ కట్టు కట్టించి ఇంటికి పొమ్మన్నది. యూనియన్‌వాళ్లు కరపత్రం వేయాలనుకున్నారు, చెల్లెలు టీచరు కదా రాస్తుందని అన్న మాటిచ్చాడు.

నేను ఒట్టు పెట్టుకున్నట్టు రాశాను. ఒక్క ఉపమ లేదు. కరిగిన ఇనుము మోసే కుండ గొలుసు అరిగిందని ముందే చెప్పారు, మార్చలేదు, ఒలికింది, పాదాలు కాలాయి, వైద్యం ఇప్పించలేదు, ఇప్పించాలి. జరిగినదాన్ని జరిగినట్టు చెబితే మనిషికి చాలుతుందని నా నమ్మకం. గేటు దగ్గర పంచారు. చదివినవాళ్లు చదివి జేబులో పెట్టుకున్నారు. మీటింగుకు పిడికెడు మంది వచ్చారు.

వాళ్లలో ఎవరో కుర్రాడు ఇంకొకటి రాశాడు. కొలిమిలో కాగేది ఇనుము కాదు, మన నెత్తురు అని. దాన్నే ఎర్రరంగుతో కంపెనీ గోడ మీద కూడా రాశారు. మరునాడు షిఫ్టుకు ఎవరూ లోపలికి పోలేదు. అన్న ఆ సంగతి చెప్పడానికి వచ్చి నా ముఖం చూశాడు.

"నీ కాయితం నిజమే చెల్లె. గానీ అది సదివితే ఎవ్వలకు లేశి నిలబడబుద్ధి గాలె."

సమ్మె ఎక్కువకాలం నిలవలేదు. తిండిగింజలు అయిపోయాక ఒక్కొక్కరే లోపలికి పోయారు. ముందు నిలబడ్డవాళ్లను కంపెనీ తిరిగి తీసుకోలేదు. అందులో మా అన్న ఒకడు. హత్నూర వైపు ఒక చిన్న కార్ఖానాలో పని దొరికి అటు పోయాడు. నెత్తురు అని రాసిన కుర్రాడిని మాత్రం సూపర్‌వైజరుకు సహాయకుడిగా పెట్టుకున్నారు. బాగా మాట్లాడతాడట, మనుషులకు నచ్చజెప్పగలడట.

కాలిన పాదాల మనిషిని సంగారెడ్డి బస్టాండులో ఒకసారి చూశాను. కర్ర పట్టుకుని, భార్యతో, మూటతో సొంత ఊరికి వెళ్లిపోతున్నాడు. నేను ఎవరినో అతనికి తెలియదు. ఫలానా వాడి చెల్లెల్ని అని చెప్పుకున్నాను. అతను వచ్చీరాని తెలుగులో మా అన్న బాగోగులు అడిగాడు. వైద్యం సంగతి అడిగితే చెయ్యి ఊపాడు. తరువాత ఉత్సాహంగా, గోడ మీద రాత చూసినవా అక్కా అన్నాడు. చూశానన్నాను.

"నా గురించే రాసిన్రు. మస్తుగ రాసిన్రు."

అతని భార్య మూట ఎత్తుకుని బస్సు వైపు నడిచింది. ఎవరో కండక్టరును పిలిచి అతన్ని చెయ్యి పట్టి ఎక్కించారు. కిటికీ పక్కన కూర్చుని నాకు నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను.