ఇద్దరి నీళ్ళతో ముగ్గురం

అమీర్‌పేటలో అడుగడుగునా కంప్యూటర్ కోర్సుల బోర్డులు మొలుస్తున్న రోజులవి. మా చెల్లి డిగ్రీ కాగానే జావా నేర్చుకుంటానని సూర్యాపేట నుంచి మా ఇంటికొచ్చింది. నేనూ మా ఆయనా అద్దెకుండే ఆ కింది పోర్షన్‌కు, పైనుండే ఓనరమ్మ పొద్దున అరగంటే నీళ్ళు వదిలేది. ఒక డ్రమ్ము, నాలుగు బకెట్లు నిండేవి. అంతే.

మూడో రోజే ఆమె దిగి వచ్చింది.

"ఇద్దరికని ఇల్లిచ్చిన. మూడో మనిషికి నీళ్లు యాడికెల్లి తేవాలె? చెల్లెను హాస్టల్ల వెయ్, లేకుంటే ఇల్లు ఖాళీ చెయ్."

హాస్టలంటే నాన్న ఒప్పుకోడు. కోర్సు మాన్పించి ఇంటికి తీసుకుపోతాడు. నాకు మొండితనం వచ్చింది.

"గదే అరగంట ఇయ్యుండ్రి ఆంటీ. ఒక్క బిందె ఎక్కువడిగితే మేమే పోతం" అన్నాను.

అన్నానా, ఇక చూడండి. బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెలకు. టబ్బులో కూర్చునే స్నానం, ఆ నీళ్ళు లెట్రిన్‌కు. బట్టలు జాడించిన నీళ్ళతో ఇల్లు తుడుపు. ఆరడుగుల మా ఆయన టబ్బులో ముడుచుక్కూర్చుని "ఇదేం శిక్షనే" అని గొణిగేవాడు. "మీ మరదలే గద, జర ఓర్సుకోండ్రి" అనేదాన్ని.

ఒకరోజు చెల్లి చెప్పకుండా తలస్నానం చేసింది. మధ్యాహ్నానికి డ్రమ్ము అడుగంటింది. నోటికొచ్చినట్టు తిట్టాను. పిల్ల తడిజుట్టుతోనే ఏడుస్తూ క్లాసుకు పోయింది. నా మీద నాకే అసహ్యమేసింది. అయినా పైకి పోయి బిందె మాత్రం అడగలేదు. ఆ పూట అంట్లు అట్లాగే వదిలేశాను.

నెల తిరిగింది. మేమెక్కడో దొంగతనంగా నీళ్ళు పట్టుకుంటున్నామని ఓనరమ్మకు అనుమానం. ఓ పొద్దున, ఇంకా నీళ్ళు వదలకముందే, నేరుగా మా బాత్రూంలోకి వచ్చి డ్రమ్ములో చెయ్యి పెట్టి చూసింది. నిన్నటి నీళ్ళు ఇంకా మిగిలున్నాయి.

"అసలు నీళ్లు పోసుకుంటున్నరా మీరు?" అంది.

చెల్లి ముఖం చిన్నబోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అంతలో బయట మెట్ల మీద ధారగా చప్పుడు. పైన ఆమె ట్యాంకు నిండి పొర్లుతోంది. మోటారు వేసి, మరిచిపోయి మా మీదికి వచ్చింది మహాతల్లి.

"జర ఉరుకుండ్రి ఆంటీ" అన్నాను, "మా చెల్లె వారం రోజుల నీళ్లు పోతున్నయ్."

ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఆ తడిమెట్లే ఎక్కిపోయింది. హాస్టల్ మాట మళ్ళీ ఎత్తలేదు. చెల్లి కోర్సు పూర్తయ్యేదాకా మా దగ్గరే ఉంది.