తండ్రి భాష తప్పాడు

కొవిడ్ వార్డు ఎత్తేసిన మరుసటి ఏడాది, వేసవి. బహ్రెయిన్‌లోని హిద్ ఊళ్ళో రేవుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నేను ఎమర్జెన్సీ స్టాఫ్ నర్సుని. షిప్‌యార్డులో దెబ్బ తగిలినవాళ్ళను ముందు మా దగ్గరికే తెస్తారు. మా తాతగారి రోజుల్లో మా దివాణంలోనే ఒక వైద్యుడు కాపురముండేవాడు. దివాణం పోయింది. ఆ తాతగారి మనవణ్ణి నేను, ఇక్కడ బెడ్‌పాన్లు ఎత్తుతున్నాను. అందుకు సిగ్గుపడను. ఎవరైనా జాలిపడితే మాత్రం సహించను.

ఆ మధ్యాహ్నం, మరమ్మతుకు వచ్చిన ఒక బ్రెజిల్ సరుకు ఓడ నుంచి మనోయెల్ అనే నావికుణ్ణి తెచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయి. పైనుంచి ఇనుప కొక్కెం జారి హెల్మెట్ అంచు మీదుగా కుడి కణతకు తగిలింది. స్పృహ తప్పలేదు, వాంతి కాలేదు. అదే ఓడలో పనిచేసే బావమరిది జెరాల్దో తోడు వచ్చాడు. ఓడ ఆ సాయంత్రమే బయలుదేరుతుంది. మళ్ళీ రేవు చూసేసరికి రెండు వారాలు. ఓడలో డాక్టరు ఉండడు. అందుకే నాలుగు గంటలు మా దగ్గర ఉంచి, బాగుంటే పంపుదామంది డ్యూటీ డాక్టరమ్మ.

తలకు దెబ్బ తగిలినవాళ్ళకు మేము జీసీఎస్ అనే లెక్క వేస్తాం. కళ్ళు తెరవడానికి నాలుగు, మాటకు అయిదు, కదలికకు ఆరు. మొత్తం పదిహేనైతే మనిషి పూర్తి తెలివిలో ఉన్నట్టు. తగ్గితే లోపల రక్తం చేరుతోందని అనుమానించి స్కాన్ తీస్తారు. మనోయెల్‌కు ప్రతి పావుగంటకూ అంకె రాసే పని నాది.

అతనికి ఇంగ్లీషు రాదు. జెరాల్దోకు ఓడ ఇంగ్లీషు వచ్చు. నా ప్రశ్నను అతను మనోయెల్‌ను అడిగి, జవాబు నాకు చెప్పేవాడు. ఇద్దరి మాటలూ ఒక్కలా లేవనిపించింది.

"ఇది పోర్చుగీసేనా?" అన్నాను.

"కాదు. నాది తుకానో, అతనిది తరియానా."

"ఒక కుటుంబంలో రెండు భాషలా?"

"మా నది మీద అంతే. తండ్రి భాషే మనిషి భాష. ఒకే భాషవాళ్ళు అన్నాచెల్లెళ్ళ కింద లెక్క, పెళ్ళాడకూడదు. వేరే భాషవాడు కాబట్టే మా చెల్లెల్ని ఇచ్చాం. అతను నాతో తన భాషలో మాట్లాడతాడు, నేను నా భాషలో. ఇద్దరికీ అర్థమవుతుంది."

తరియానా అమెజాన్ అడవుల్లోని అరవాక్ భాషా కుటుంబానికి చెందినదనీ, మాట్లాడేవాళ్ళు కొద్దిమందే మిగిలారనీ తర్వాత చదివి తెలుసుకున్నాను.

మూడున్నర గంటలపాటు జెరాల్దోను అడిగే అంకె వేశాను. తర్వాత కాగితాల పని ఉందని అతన్ని కింద ఆఫీసుకు పిలిచారు. ఇటు బెడ్లన్నీ నిండాయి. ఆఖరి రెండుసార్లూ మనోయెల్ గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతున్నాడు. మాట బాగానే ఉందనుకుని అయిదు వేశాను.

గడువు అయింది. మా అటెండరు లింగన్న వీల్‌చైరు తోసుకొచ్చాడు. అతనిది జగిత్యాల వైపు.

"రాజావారూ, కింద ఓడ ఏజెంటు ఒక్కతీరుగ హారన్ కొడ్తుండు. కాయితం మీద మీ రాజముద్ర ఏస్తే ఈయనను తీస్కపోత."

"ముద్ర కాదు, సంతకం. ఆగు."

అంతలో జెరాల్దో పైకి వచ్చి మనోయెల్‌ను ఏదో అడిగాడు. జవాబు వినగానే అతని ముఖం మారింది. మళ్ళీ అడిగాడు. తర్వాత వీల్‌చైరు చక్రానికి కాలు అడ్డం పెట్టాడు.

"పంపొద్దు. ఇతనికి బాగాలేదు."

"మాట్లాడుతున్నాడుగా?"

"మాట్లాడుతున్నాడు. వాళ్ళమ్మ భాషలో."

"అయితే ఏమిటి?"

"అది పసితనంలో మాట. పెద్దయ్యాక మగవాడు దాన్ని నోట రానివ్వడు. తాగినా రానివ్వడు. ఇతని నోట నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వినలేదు."

"భయంతో అంటున్నావు. చార్టు చూడు, పదిహేను." నా అంకెను ఒక ఓడ కూలీ కాదనడం నాకు నచ్చలేదు.

"ఆ చార్టు నువ్వు రాశావు. అతను ఏం మాట్లాడాడో నీకు తెలుసా?"

నాకు తెలియదు.

"బామ్మర్ది గంతగనం జెప్తుండు గద, రాజావారూ," అన్నాడు లింగన్న మెల్లగా. "జర ఇనుండ్రి."

మా నాయనమ్మ ఒరియా సంస్థానం నుంచి వచ్చిన కోడలు. అత్తింట్లో యాభై ఏళ్ళు ఒక్క ఒరియా మాట పలకలేదు. అది మా ఇంటి కట్టుబాటు. ఆఖరి జ్వరంలో రెండు రోజులు ఒరియాలోనే మాట్లాడింది. మాట్లాడుతోంది, కోలుకుంటోందని మేమంతా సంబరపడ్డాం. మూడో రోజు ఆవిడ లేదు.

డాక్టరమ్మ పక్క గదిలో ఒకరి చేతికి కుట్లు వేస్తోంది.

"మనోయెల్‌కు స్కాన్ తియ్యాలి," అన్నాను.

"పదిహేను అని రాసింది నువ్వేగా? ఓడ ఆపాలంటే కారణం కావాలి."

ఇద్దరు జూనియర్ నర్సులు నా వైపే చూస్తున్నారు. మా ఇంటి మగవాళ్ళు ఊళ్ళు పోగొట్టుకున్నారు గానీ, నలుగురిలో తప్పు నాదని ఒప్పుకున్నవాళ్ళు లేరు.

"ఆఖరి రెండు అంకెలూ తప్పు, డాక్టర్. అర్థం తెలుసుకోకుండా వేశాను. అసలు ఎంతో నాకు తెలియదు."

ఆమె ఆఖరి కుట్టుకు ముడి వేసి లేచింది.

మేము వెళ్ళేసరికి మనోయెల్ మాట ముద్దగా వస్తోంది. స్కాన్ బల్ల మీద పడుకోబెట్టేటప్పటికి కుడి కనుపాప పెద్దదైంది. ఎడమ చేత్తో నా వేలు పట్టుకోమంటే పట్టు లేదు. పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం చేరుతోందని స్కాన్‌లో తేలింది. ఆపరేషన్ మా దగ్గర చేయరు. లింగన్న ట్రాలీని అంబులెన్సు దాకా పరుగున తోశాడు. దారంతా జెరాల్దో తుకానోలో పిలుస్తూనే ఉన్నాడు. ఏ భాషలోనూ బదులు రాలేదు. ఏమంటున్నాడో జెరాల్దోను పిలిచి అడగాలన్న సుళువైన సంగతి నాకు అరగంట ముందే ఎందుకు తట్టలేదా అనుకుంటూ నేను మనోయెల్ ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను.

పెద్దాసుపత్రిలో ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ఓడ వాళ్ళిద్దరినీ వదిలి వెళ్ళిపోయింది.

మూడో రోజు చూడబోయాను. జెరాల్దో వార్డు గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"పొద్దున మంచినీళ్ళు అడిగాడు."

"ఏ భాషలో?"

"వాళ్ళ నాన్న భాషలో."

లోపల మంచం మీద నుంచి మనోయెల్ నన్ను ఎగాదిగా చూసి ఏదో అన్నాడు. జెరాల్దో పకపకా నవ్వాడు.

"ఈ నర్సు ఎవరి చావుకు వచ్చాడు, ఇంత బిగుసుకుని నిలబడ్డాడు, అంటున్నాడు."

నేనూ నవ్వాను.

అప్పటినుంచి మాటకు అంకె వేసినప్పుడల్లా, ఆ మాటలు అర్థమైన మనిషి పేరు పక్కన రాస్తున్నాను. అలాంటి మనిషి దొరక్కపోతే ఆ గడి ఖాళీగా వదిలి డాక్టరును పిలుస్తాను. కొత్త నర్సులు చాదస్తమని విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.