తెలుగు మాట్లాడకూడని తరగతి

మా మనవరాలు కొరియన్ సీరియళ్ళ కోసమని ఫోనులో కొరియన్ భాష నేర్చుకుంటోంది. ఆ ఫోను ఓ ఆపిల్ పండు బొమ్మ చూపించి ఏదో పలుకుతుంది, ఈ పిల్ల దాన్ని తిరిగి పలకాలి. తప్పు పలికితే బర్రుమంటుంది. పొద్దున్నుంచీ ఆ బర్రు వినలేక, "ఒక ముక్క తెలుగులో చెప్తే దాని సొమ్మేం పోతుంది?" అని విసుక్కున్నాను. అన్నాక నాకే ఎలాగో అయింది. ఆ మాట నాది కాదు, మా బావది.

బావంటే మా అక్క మొగుడు. హిందూపురం హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టరు. ఆయన పాఠం చూసి తీరాలి. ఒక వాక్యం ఇంగ్లీషులో చదివి, వెంటనే తెలుగులో చెప్పి, ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లల కోసం మళ్ళీ కన్నడంలో చెప్పేవాడు. ఇలా మూడు భాషల్లో నడిచే పాఠం ఏ యేడూ పూర్తయ్యేది కాదు. అయినా పిల్లలకు వచ్చేసేది. వాళ్ళింట్లో ఉండి, అక్క చేతి సంగటి తిని, నేను ఇంగ్లీషు నేర్చుకున్నదీ అలాగే. ఆ చదువుతోనే ధర్మవరంలో నాకూ మాస్టరు ఉద్యోగం వచ్చింది.

అరవైల మొదట్లో ఇథియోపియా బడులకు ఇంగ్లీషు మాస్టర్లు కావాలన్నారు. బావకు ఓడెక్కి పరాయి దేశం పోయి పాఠం చెప్పాలని పెళ్ళికి ముందు నుంచీ ఆశ. తను దరఖాస్తు పెట్టుకుంటూ, "నువ్వూ పెట్టబ్బీ, ఓడలో తోడుంటావు" అని నా చేతా పెట్టించాడు. పిలుపు ఇంకా రాకముందే కోటు కుట్టించుకున్నాడు. హిందూపురం ఎండలో అది తొడుక్కుని అద్దం ముందు నిలబడితే, అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నవ్వుతూనే ఆయన కోసం కారప్పొడులు దంచి పెట్టింది.

ఎండాకాలం సెలవుల్లో పెనుకొండలో మాకు శిక్షణ పెట్టారు. ఆ దేశం పిల్లలకు మన భాష రాదు కాబట్టి ఇక్కడ కూడా తరగతిలో తెలుగు మాట వినపడకూడదు. వస్తువు చూపించు, పేరు పలుకు, పలికించు. అంతే పద్ధతి. "ఒక ముక్క తెలుగులో చెప్తే వీళ్ళ సొమ్మేం పోతాది?" అని బావ రోజూ నా చెవిలో గొణిగేవాడు. ఎవరు పోవాలో తేల్చే పెద్దాయన మద్రాసు నుంచి వచ్చి వెనక కుర్చీలో కూర్చునేవాడు.

చివరి రోజు పరీక్ష. ఇంగ్లీషు చెవిన పడని చిన్నపిల్లల్ని పోగుచేసి మా ముందు కూర్చోబెట్టారు. ముందు బావ వంతు. ముందు వరసలో ఓ పాపను 'స్టాండప్' అన్నాడు. తిడుతున్నాడనుకుందేమో, దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతులెత్తి సైగ చేశాడు. కొడతాడనుకుని బావురుమంది. బావ వెనక కుర్చీ వైపు ఒకసారి చూశాడు. చాక్‌పీసు పక్కన పెట్టి దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏం లేదు తల్లీ, లెయ్యమంటాండా, అంతే. భయపడాకు."

పాప ముక్కు తుడుచుకుని లేచి నిలబడింది. తర్వాత ఏం చెప్పినా ఠక్కున చేసింది. పెద్దాయన మాత్రం పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత వంతు నాది. అదే పాపను దగ్గరికి రమ్మని ఇంగ్లీషులో పిలిచాను. కొత్త మనిషిని చూసి మళ్ళీ ఏడుపు అందుకుంది. నేను నవ్వుముఖం పెట్టుకుని మామిడిపండు చూపిస్తూ పాఠం చెప్పుకుంటూ పోయాను. గంట కొట్టేదాకా అది వెక్కుతూనే ఉంది. నా నోట ఒక్క తెలుగు మాట రాలేదు. పెద్దాయన వచ్చి భుజం తట్టాడు.

నా పేరు వచ్చింది, బావది రాలేదు. "పోనీలేప్పా, నా నోరు ఊరుకోదు" అని నవ్వేశాడు. దంచిన పొడులు అక్క నా పెట్టెలో సర్దింది. కోటు కూడా బావే తెచ్చి తొడిగాడు. నేను పోనని ఒక్కసారి, మాటవరసకైనా అనలేదు. పోవాలని నాకూ ఉండింది మరి. ఆ కోటు చేతులు వేళ్ళ దాకా దిగి వేలాడుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

సాగనంపడానికి బావ ధర్మవరం స్టేషనుకు వచ్చాడు. రైలు కదలబోతుంటే కిటికీ చువ్వలు పట్టుకుని అడిగాడు.

"అబ్బీ, ఈడ పాప ఏడిస్తే తెలుగులో చెప్పి ఊరుకోబెట్టినా. ఆడ ఏడిస్తే ఏం జేస్తావు?"

దెప్పలేదు. మాస్టరుగా నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. అంతలో రైలు కదిలిపోయింది.

అక్కడ బడి తెరిచిన వారంలోనే ఓ పిల్లవాడు నన్ను చూసి ఏడ్చాడు. మామిడిపండు చూపించే ఓపిక నాకు లేకపోయింది. బడి ఊడ్చే ఆమెను అడిగి, భయపడకు అనే మాట వాళ్ళ భాషలో నేర్చుకుని, వాడి ముందు గొంతుక్కూర్చుని చెప్పాను. నేను పలికిన తీరుకు వాడు ఏడుపు మాని పకపకా నవ్వాడు. ఇది బావకు ఎదురుగా కూర్చుని చెప్పాలని దాచుకున్నాను. మొదటిసారి సెలవుకు వచ్చేసరికి బావ లేడు. ఆయన అడిగినదానికి జవాబు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అడిగిన మనిషి పోయి దాదాపు అరవై ఏళ్ళవుతోంది.